పైలటు లైసెన్సు – తొలి కొలువు



విమాన మిప్పుడు మన పల్లెలకు వింత కాదు. నాట్లు వేయు కూలీలు దాని చప్పుడు విని తల యెత్తియైనను చూడరు. కాని దానిని నడుపువాడు మన యూరి బిడ్డ కావలెనను కోరిక మాత్రము క్రొత్తది. ఇంజనీరు చదువు, వైద్యుని చదువు అను మాటల సరసన నిప్పుడు పైలటు చదువను మాటయు మన అరుగులమీద వినబడుచున్నది. ఆ చదువునకై భూములు తాకట్టు పడుచున్నవి. కొన్ని చోట్ల అమ్ముడును పోవుచున్నవి. ఆ కాగితములపై చేవ్రాలు చేయువారు మీరు గాని పిల్లలు గారు. కాబట్టి యీ ప్రసంగము మిమ్ము నుద్దేశించియే చేయుచున్నాను.

నేను పైలటును గాను, బడిపంతులను. అయినను నా శిష్యులలో కొందఱీ మార్గమున బోయిరి. వారి కాగితములు చదివి చెప్పుటలోను, వారి తండ్రులతో గూర్చుండి లెక్కలు వేయుటలోను నాకీ విషయము తెలిసి వచ్చినది.

చెప్పదలచిన ముఖ్యాంశ మొక్కటే: లైసెన్సు వేఱు, కొలువు వేఱు. ఈ రెంటి నడుమ నొక యెడము కలదు. అది కొందఱికి ఆఱు నెలలు, కొందఱికి మూడేండ్లు. ఆ యెడము దాటుటకు వలయు ధనమును, కాలమును, ఓర్పును మొదటి దినముననే లెక్కలో వేసికొన్నవారు గట్టెక్కుదురు. వేసికొననివారు, పిల్లవా డెంత తెలివి గలవాడైనను, నడుమ చిక్కుకొందురు.

మొదట లైసెన్సన నేమో చూతము. మన దేశమున పౌర విమానయానమును కనిపెట్టి చూచు ప్రభుత్వ శాఖకు డీ.జీ.సీ.ఏ. అని పేరు. జీతము పుచ్చుకొని విమానము నడుపుటకు ఆ శాఖ యిచ్చు అనుమతి పత్రమే కమర్షియల్ పైలట్ లైసెన్సు. దానికి 18 ఏండ్లు నిండవలెను. భౌతికశాస్త్రము, గణితము చదివి పండ్రెండవ తరగతి ముగించి యుండవలెననుట చిరకాలముగా వచ్చుచున్న నియమము. తరగతి-1 అను కఠినమైన వైద్యపరీక్షలో నిలువవలెను. ఆకాశమార్గ నిర్ణయము, వాతావరణము, విమానయాన చట్టములు, విమానయంత్ర విజ్ఞానము – వీనిలో వ్రాతపరీక్షలు కలవు. రేడియోలో మాటలాడు పద్ధతికి వేఱొక పరీక్ష కలదు.

ఇవి గాక 200 గంటలు ఆకాశమున నెగురవలెను. అందు 100 గంటలు తానే అధిపతియై నడుపవలెను. రాత్రివేళ 5 గంటలు నడుపవలెను. 300 నాటికల్ మైళ్లకు, అనగా సుమారు 555 కిలోమీటర్లకు, తక్కువ గాని దూర ప్రయాణ మొకటి చేసి, దారిలో రెండు వేఱు వేఱు విమానాశ్రయములలో దిగవలెను. ఈ విద్య నేర్పుటకు మన హైదరాబాదులో తెలంగాణ రాష్ట్ర ఏవియేషన్ అకాడమీ యున్నది. ఉత్తరప్రదేశమున ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వపు ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ యున్నది. ప్రైవేటు బడులును పెక్కు కలవు. కొందఱు అమెరికా మొదలగు దేశములకు పోయి నేర్తురు. అట్టివారు తిరిగి వచ్చిన పిదప మన దేశపు పరీక్షలలో కృతార్థులై, పరదేశపు లైసెన్సును మన లైసెన్సుగా మార్పించుకొనవలెను. ఎక్కడ నేర్చినను నేడు దీనికగు వ్యయ మించుమించు అర కోటి రూపాయలు. తఱచుగా నంతకు మించును.

ఇంత వ్యయపడి, ఇన్ని పరీక్షలు గడచి వచ్చిన పత్రము చేత బుచ్చుకొన్న పిల్లవానిని విమానసంస్థలు వెంటనే పిలిచి కుర్చీ వేయునని మన వారనుకొందురు. అట్లు జరుగదు. మా చదువునే చూడుడు. భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణము ముగించినంత మాత్రమున బడిలో మాకు కొలువు రాలేదు. ఖాళీ యేర్పడవలెను, ప్రకటన వెలువడవలెను, పోటీలో నెగ్గవలెను. పట్టము అర్హతను జూపును. కొలువు ఖాళీని బట్టి వచ్చును. పైలటు విషయమున నీ భేద మింకను పెద్దది. ఏలయన నిచ్చట నడుమ వేఱొక మెట్టున్నది.

ఆ మెట్టు పేరు టైపు రేటింగు. పిల్లవాడు 200 గంటలు నడిపినది చిన్న విమానము. బడులలో విరివిగా వాడు సెస్నా 172 అనునది నలుగురు కూర్చుండునది. మనుష్యులతోను, ఇంధనముతోను గలిపి దాని బరువు సుమారు 1,100 కిలోలు. ప్రయాణికులను మోయు ఎయిర్‌బస్ 320 నిండుగా బయలుదేఱునపుడు 75 టన్నులకు పైబడి తూగును. ట్రాక్టరు నడప నేర్చినవానికి నూఱుమంది నెక్కించిన బస్సు నప్పగింతుమా? కాబట్టి ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737, ఏ.టీ.ఆర్. 72 మొదలగు ఒక్కొక్క జాతి విమానమునకు ప్రత్యేక శిక్షణము కావలెను. మొదట పాఠములు చెప్పుదురు. పిదప సిమ్యులేటరు అను యంత్రములో కూర్చుండబెట్టుదురు. అది నేలమీదనే నిలిచి యుండి, విమానము వలెనే వంగుచు, కంపించుచు నుండును. ఇంజను చెడుట, మంట లేచుట, పొగమంచున దిగుట – ఇట్టి యాపదల నన్నిటిని అందు కల్పించి నేర్పుదురు. తరువాత నిజమైన విమానముపై లేచుట, దిగుట అభ్యసింపజేయుదురు. చివరకు ప్రయాణికులున్న విమానములో శిక్షకుడైన కెప్టెను ప్రక్కన గూర్చుండి కొంతకాలము నడిపి, పరీక్షలో తేఱినపుడే యాతడు సంపూర్ణముగ ఫస్టు ఆఫీసరు, అనగా సహ పైలటు, అగును.

ఈ టైపు రేటింగునకు వేఱుగా 15 మొదలు 25 లక్షల రూపాయల దాక వ్యయమగును. పెక్కు సంస్థలు దీనిని అభ్యర్థి చేతనే పెట్టింపజూచును. ఇచ్చట నొక చిక్కున్నది. కొలువు చేతికి రాకముందే తొందరపడి ఎయిర్‌బస్ రేటింగు చేయించితి మనుకొనుడు. తరువాత పిలిచిన సంస్థ బోయింగులు నడుపునదైనచో ఆ లక్షలు వృథా. ఎయిర్‌బస్ సంస్థయే పిలిచినను, నేర్చి చాలకాలమై చేతివాటము తప్పినచో మరల కొంత నేర్వవలసి యుండును. అందుచేత సంస్థ తీసికొన్నదని రూఢి యైన వెనుక రేటింగు చేయుటయే సామాన్యముగ మేలు.

కొన్ని సంస్థలు శిక్షణమునకు ముందే పిల్లల నెన్నుకొని, తమతో నొప్పందము గల బడులలో చేర్చి, లైసెన్సు, రేటింగు రెండును చేయించును. దీనికి క్యాడెట్ పద్ధతి యని పేరు. ఇందు వ్యయ మధికము, కాని దారి తిన్ననిది. అయినను ఆ యొప్పందములో కొలువు నిశ్చయమని వ్రాసినారో, ఖాళీలను బట్టి యని వ్రాసినారో చదివి చూచుకొనుడు. ఆ యొక్క వాక్యము విలువ కోటి రూపాయలు.

"దేశమున పైలటుల కొఱత" అని పత్రికలలో చదువుచుందుము గదా, మఱి లైసెన్సు గలవారు ఖాళీగా నేల యుందురని మీరడుగవచ్చును. పెద్ద విమానమున నిద్దఱు పైలటులుందురు. ఎడమ కుర్చీలో కెప్టెను, కుడి కుర్చీలో ఫస్టు ఆఫీసరు. పత్రికలు చెప్పు కొఱత ముఖ్యముగ ఎడమ కుర్చీది. కెప్టెను కావలెనన్న వేఱొక పెద్ద లైసెన్సు కావలెను. దానికి కనీసము 1,500 గంటల యనుభవము వలయును. సంస్థలు సామాన్యముగ నంతకంటె నెక్కువ కోరును. అలసట వలన ప్రమాదము రాకుండుటకై యే పైలటును ఏడాదికి 1,000 గంటలకు మించి యెగురరాదని నియమము కలదు. కాబట్టి 200 గంటల పిల్లవాడు కెప్టెనుల కొఱతను రేపటికి రేపు తీర్పజాలడు.

క్రొత్త కోడెకు కాడి నేర్పునపుడు ప్రక్కను పని యెఱిగిన యెద్దును కట్టుట మీరెఱిగినదే. రెండును కోడెలే యైనచో నాగలి చాలు తప్పును. ఇంట నెన్ని కోడెలున్నను, పని యెఱిగిన యెద్దులెన్ని యున్నవో అన్నిటిని మాత్రమే ఆ యేడు కాడి కట్టగలము. విమానసంస్థలలోను నంతే. శిక్షకులైన కెప్టెనులెందఱో, సిమ్యులేటరులలో నెన్ని గంటలు దొరకునో, దానిని బట్టియే క్రొత్తవారిని చేర్చుకొందురు. తక్కినవారు వాకిట నిలిచి యుందురు.

అదియు గాక యీ వ్యాపారమునకు ఆటుపోటులు కలవు. 2012లో కింగ్‌ఫిషర్ సంస్థ నిలిచిపోయెను. 2019 ఏప్రిలులో జెట్ ఎయిర్‌వేస్ ఆగెను. 2023 మే నెలలో గో ఫస్ట్ మూతపడెను. ఇట్టి సంస్థ పడిపోయినపుడు అనుభవము గల వందలకొలది పైలటులు కొలువు వెదకుచు బయటికి వత్తురు. వారు వరుసలో ముందు నిలుతురు. క్రొత్తవాడు వెనుకకు జరుగును. మఱొక వైపున 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానములకు, జూనులో ఇండిగో 500 విమానములకు కొనుగోలు ప్రకటించెను. అది శుభవార్తయే. కాని కొనుగోలు చేసిన విమానము మఱునాడు రాదు. కొన్నియేండ్లకు నొక్కటొక్కటిగా వచ్చును. నేటి వార్త చూచి నేడు చేరిన పిల్లవాడు లైసెన్సుతో బయటికి వచ్చునది రెండు మూడేండ్లకు. అప్పటి గాలి యెటు వీచునో యిప్పుడెవ్వరును చెప్పజాలరు.

నా శిష్యుడొకడు 2020 ఫిబ్రవరిలో లైసెన్సు పొందెను. ఆతని తండ్రి మూడెకరముల మాగాణి యమ్మి, చాలని దానికి అప్పు తెచ్చి చదివించెను. మార్చి 25వ తేదీన కరోనా కారణమున దేశములోని ప్రయాణ విమానములన్నియు నిలిచెను. మే 25న మరల కొన్ని యెగిరినను, సంస్థలు ఉన్నవారి జీతములే తగ్గించుచుండగా క్రొత్తవారి మాట యెవరు తలతురు? ఊరివారు మొదట "మన పైలటు" అని మురిసిరి. ఆఱు నెలలకు "ఇంకను రాలేదా?" అని యడిగిరి. ఏడాదికి అడుగుటయు మానిరి. అడిగిననాటికంటె మానిననాడే తనకెక్కువ కష్టముగా నుండెనని యాతడు నాతో ననెను. తండ్రి తన భూమి పోగా, ఇతరుల పొలము రెండెకరములు కౌలునకు దీసికొని సంసారము నీడ్చెను.

ఆ కాలమున నా బాలుడు చేసిన పనులు చెప్పదగినవి. వైద్యపరీక్షను ఏటేట తప్పక చేయించుకొనెను. లైసెన్సు గడువు పెద్దదే. 2023లో సవరించిన నియమము ప్రకార మిప్పుడది పదేండ్లు. కాని మేఘములలో కన్నులతో గాక యంత్రములను జూచి నడుపు నేర్పునకు ఏడాది కొకసారి పరీక్ష యున్నది. అది తప్పినచో సంస్థలు దరఖాస్తును ప్రక్కన బెట్టును. దానికి గంట కింత యని విమానమునకు బాడుగ చెల్లింపవలెను. ఆ ధనమునకై యాతడు ఊరిలో పిల్లలకు లెక్కలు చెప్పెను. పిదప విమానము నేర్పు బడిలోనే ఉపశిక్షకుడగుటకు వలయు అర్హత సంపాదించి, చిన్న జీతమునకు చేరెను. పరులకు నేర్పుచు నెగిరిన గంటలును తన లెక్కలోనే పడును. 2022లో నొక సంస్థ పరీక్షకు పిలిచెను, ఎన్నిక కాలేదు. మఱొక సంస్థ పిలిచెను. వ్రాతపరీక్ష, మనస్తత్వ పరీక్ష, సిమ్యులేటరు పరీక్ష, ముఖాముఖి ప్రశ్నలు – అన్నిటిలోను నిలిచెను. నే డాతడు కుడి కుర్చీలో నున్నాడు. ఆ మూడెకరములు మాత్ర మింకను తిరిగి రాలేదు.

ఈ ఉపశిక్షకుని కొలువును మనవారు చిన్నచూపు చూతురు. అమెరికాలో 2009లో బఫెలో నగరము దగ్గర నొక ప్రయాణ విమానము కూలినది. దాని పిమ్మట 2013 మొదలు అచ్చట సహ పైలటునకు సైతము సామాన్యముగ 1,500 గంటలు వలయునని నియమమేర్పడెను. కావున నచ్చట క్రొత్త పైలటులలో పెక్కురకు తొలి కొలువు విద్య గఱపుటయే. మన దేశమున నింత నిర్బంధము లేకున్నను, ఖాళీగా కూర్చుండుటకంటె అది యెంతయో గౌరవమైన మార్గము. అద్దె విమానములు నడుపు చిన్న సంస్థలును, ఆకాశము నుండి నేలను కొలుచు పనులును కొన్ని కలవు. అవి తక్కువే, అయినను వానిని వెదకుట మానరాదు.

తొలి కొలువు కొఱకు తలుపులు తట్టుట క్రొత్త కథ కాదు. ప్రేమ్ మాథుర్ అను నామె అలహాబాదు ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చి, 1947లో కమర్షియల్ లైసెన్సు పొందెను. స్త్రీ నడుపు విమానమెక్కుటకు ప్రయాణికులు జంకుదురని సంస్థలొకదాని వెంట నొకటి నిరాకరించెను. నిరాకరించినవి ఎనిమిది యని ప్రసిద్ధి. తుదకామెను చేర్చుకొన్నది మన హైదరాబాదున బేగంపేటలో నెలకొన్న దక్కన్ ఎయిర్‌వేస్. 1945లో నిజాం ప్రభుత్వమును, టాటా వారును గలసి స్థాపించిన సంస్థ యది. ఆమె యచ్చట సహ పైలటుగా పనిచేసెను. 1949లో జాతీయ విమాన పందెమున గెలిచెను. నేడు మన దేశపు పైలటులలో నూటికి సుమారు 15 మంది స్త్రీలు. లోకమున సగటు నూటికి 5 ప్రాంతమున నుండగా నిది మనకు గర్వకారణము. కాబట్టి ఆడపిల్ల యీ చదువు కోరినపుడు ఆడపిల్ల యను కారణమున వలదనకుడు. కొడుకునకు వేసిన లెక్కయే కూతురునకును వేయుడు.

ఇక నా లెక్క విన్నవించెదను.

మొదటిది: బడికి ఒక్క రూపాయి కట్టకముందే తరగతి-1 వైద్యపరీక్ష చేయింపుడు. కన్ను, చెవి, గుండె అన్నియు సరియైనవని తెలిసిన పిదపనే రుసుము మాట. దేహదోష మొకటి సగము చదువులో బయటపడినచో పోయిన ధనము రాదు.

రెండవది: ధనమును మూడు కుప్పలుగా లెక్కింపుడు. మొదటి కుప్ప లైసెన్సునకు. రెండవది టైపు రేటింగునకు. మూడవది కనీసము రెండేండ్ల నిరీక్షణకు. ఆ రెండేండ్లలో తిండి, బస, ఏటేటి పరీక్షలు, దరఖాస్తులు, ప్రయాణములు ఉండును. మొదటి కుప్పకే సర్వము చెల్లునట్లున్నచో పని ప్రారంభింపకుడు. ఏడాది రెండేండ్లు ఆగుడు. విత్తనములకు మాత్రమే డబ్బుండి, కోతకు లేని సేద్యము మీరు చేయరు గదా.

మూడవది: అప్పు. అర కోటికి రూపాయి వడ్డీ యనినను నెలకు 50,000. బ్యాంకు విద్యారుణమునకు సామాన్యముగ చదువు ముగిసిన యేడాదికి వాయిదాలు మొదలగును. కొలువు మాత్రమా గడువునకు కట్టుబడి రాదు. ఆ నడిమి నెలలలో వాయిదా యెవరు చెల్లింతురో ముందే నిర్ణయించుకొనుడు. ఉన్న భూమి యంతయు నమ్మవలసి వచ్చునేని, "వలదు" అని చెప్పుటకు పెద్దలు సిగ్గుపడవలసిన పని లేదు.

నాలుగవది: బడికి స్వయముగా పోయి చూడుడు. ఎగురుచున్న విమానములెన్ని, మూల పడినవెన్ని, శిక్షకులెందఱు, చేరిన పిల్లలు 200 గంటలు ముగించుటకు నిజముగా నెంతకాలము పట్టుచున్నదని అచ్చటి పిల్లలనే యడుగుడు. రుసుము మొత్తము నొక్కసారి కట్టకుడు.

అయిదవది: "ఇంత యిచ్చిన కొలువు వేయించెద" నను మధ్యవర్తిని గడప త్రొక్కనీయకుడు. 2011లో దొంగ మార్కుల పత్రములతో లైసెన్సులు పొందిన కొందఱు పైలటులు పట్టుబడి అరెస్టయిరి. ఈ వృత్తిలో దొంగపత్రము ఒక కుటుంబముతో పోదు. విమానములో నున్నవారందఱి ప్రాణములతో చెలగాటము. సంస్థలు తమ ఖాళీలను తామే బహిరంగముగ ప్రకటించును. దరఖాస్తు తిన్నగా వారికే పోవలెను.

ఆఱవది: పిల్లవాడు దూరవిద్య ద్వారానైనను వేఱొక డిగ్రీ చదివి యుంచుకొనుట మంచిది. పైలటు కొలువు వైద్యపరీక్షపై నాధారపడినది. ఏనాడైన దేహము సహకరింపనిచో నిలువ నీడ యుండవలెను.

కడపటిది ధనముతో పని లేనిది. లైసెన్సు తెచ్చుకొని యింట నిరీక్షించు పిల్లవానిని "ఇంకను రాలేదా?" అని అడుగకుడు. "ఈ నెల యేమి చదివితివి? పరీక్ష గడువెప్పుడు?" అని యడుగుడు. మొదటి ప్రశ్న ఆతని చేతిలో లేనిదానిని గూర్చినది. రెండవది చేతిలో నున్నదానిని గూర్చినది.

లైసెన్సు వచ్చిననాడు ఊరంతటికి మిఠాయి పంచుడు. ఆ బిడ్డ దానికి తగినవాడే. కాని లెక్కల పుస్తకము నానాడు మూయకుడు. తొలి జీతము వచ్చి, దానితో తొలి వాయిదా తీఱిననాడు దానిని మూసి, హాయిగా నిద్రింపుడు.